నోటీసు దొంగ కాపీకి పంపండి, కోడ్‌కు కాదు: తెలుగు ఫిలిం చాంబర్‌కు బహిరంగ లేఖ

నారపల్లి,
మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా.

తెలుగు ఫిలిం చాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, యాంటీ వీడియో పైరసీ సెల్ బాధ్యులకు,



ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద కొంత దూరం వస్తే నారపల్లి. ఇక్కడ ఇంజనీరింగ్ విద్యార్థులకు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు కంప్యూటర్ పాఠాలు చెప్పడం నా పని. సినిమా పైరసీ మీద మీరు చేస్తున్న పోరాటం న్యాయమైనదని నమ్మేవాణ్ని. ఆ నమ్మకంతోనే ఒక విజ్ఞప్తి చేస్తున్నాను. ఈ పోరాటంలో ఓపెన్ సోర్స్ వీడియో డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా పెట్టి ఉచితంగా పంచే యూట్యూబ్-డీఎల్, వైటీ-డీఎల్‌పీ లాంటి పనిముట్లను, శత్రువుల జాబితాలో కలపకండి. కాపీరైట్ నోటీసు దేని మీద పంపాలి, పంపేముందు ఎవరు చూడాలి, తప్పు జరిగితే ఎవరు సరిదిద్దాలి అన్నదానికి ఒక రాతపూర్వక నియమం పెట్టుకోండి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పెద్ద పైరసీ ముఠాను పట్టుకున్నారు. నవంబరులో ఐబొమ్మ, బప్పం సైట్ల నిర్వాహకుణ్ని అరెస్టు చేశారు. ఎన్నో ఏళ్లుగా మీరు తిరిగిన తిరుగుడుకు ఫలితం దక్కింది. ఆ ఊపులో ఒక మాట గట్టిగా వినపడుతోంది: వీడియో దింపుకునే సాఫ్ట్‌వేర్ అంటూ ఏదీ ఉండకూడదు, అన్నింటినీ తీసేయించాలి అని. కాలేజీ క్యాంటీన్లలో విన్నాను, బస్సులో విన్నాను, చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. ఆవేశం అర్థమవుతుంది. కానీ ఆ మాట అమలైతే సినిమాకు ఒరిగేదేమీ ఉండదు, చదువుకు మాత్రం పెద్ద దెబ్బ తగులుతుంది.

ముందు మీ నష్టం గురించే మాట్లాడుకుందాం. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకముందే దాదాపు గంటన్నర సినిమా బయటికి వచ్చేసింది. నిర్మాతలు హడావిడిగా విడుదల తేదీని ముందుకు జరిపి 27న థియేటర్లలోకి తెచ్చారు. జనం ఆదరించారు కాబట్టి ఆ సినిమా నిలబడింది. అంత పేరున్న హీరో లేని చిన్న సినిమాకు అదే జరిగి ఉంటే ఆ నిర్మాత మళ్లీ లేచేవాడు కాదు. లైట్‌మన్ నుంచి ఎడిటర్ దాకా నెలల తరబడి పడ్డ కష్టం ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లు చుట్టిరావడం ఎంత బాధో మీకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

అయితే ఆ సినిమా ఎలా బయటికి వచ్చింది? కృష్ణా జిల్లా పెడనలో డిస్కులు అమ్ముతుండగా దొరికిన తీగను లాగితే, అది నిర్మాణంలో పనిచేసినవాళ్ల దాకా వెళ్లింది. లోపలి మనుషుల చేతుల మీదుగా కాపీ బయటపడింది. 2025లో పోలీసులు వివరించిన పద్ధతులూ అలాంటివే. థియేటర్లో కూర్చుని ఫోన్‌తో రికార్డు చేయడం ఒకటి, థియేటర్లకు సినిమా పంపే డిజిటల్ సర్వర్లలోకి చొరబడి అసలు ప్రతినే ఎత్తుకుపోవడం ఇంకొకటి. ఈ మూడు దారుల్లో ఎక్కడా యూట్యూబ్-డీఎల్ లేదు. వైటీ-డీఎల్‌పీ లేదు. ఉండే వీలు కూడా లేదు. ఎందుకో చెబుతాను.

ఓటీటీ సంస్థలు సినిమాను డీఆర్‌ఎం అనే తాళం వేసి పంపుతాయి. ఫోన్‌లోనో టీవీలోనో ఉన్న తాళంచెవి లేకుండా ఆ ఫైలు తెరుచుకోదు. వైటీ-డీఎల్‌పీ నడిపేవాళ్లు అలాంటి వీడియోల జోలికి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నారు. డీఆర్‌ఎం ఉన్న లింకు ఇస్తే ‘ఇది డీఆర్‌ఎం రక్షణలో ఉంది’ అని చెప్పి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అది పనిచేసేది ఎవరైనా బ్రౌజర్ తెరిచి మామూలుగా చూడగలిగే వీడియోల మీద. మీ కొత్త సినిమా అక్కడ ఉందంటే, ఎవడో ముందే దొంగిలించి అప్‌లోడ్ చేసి ఉండాలి. నేరం ఆ అప్‌లోడ్‌లో ఉంది. దాన్ని తీయించే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ఈ పనిముట్టుతో ఏం చేస్తారని మీరు అడగవచ్చు. మా ల్యాబ్‌లో జరిగేది చెబుతాను. మా దగ్గరికి భువనగిరి, ఆలేరు, జనగామ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు ఎక్కువ. ఫోన్లో రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోతుంది. సెలవులకు ఊరికి పోతే సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. తెలంగాణ ప్రభుత్వం టీ-శాట్ ద్వారా పోటీ పరీక్షలకు తెలుగులో పాఠాలు చెప్పించి యూట్యూబ్‌లో పెడుతోంది. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలైతే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్నాయి. అంటే వాటిని కాపీ చేసుకోండి, పంచుకోండి అని ఆ పాఠాల యజమానులే రాసిచ్చారు. ల్యాబ్‌లో ఒక వరుస కమాండ్ కొడతాం. ఒక పాఠ్యాంశానికి సంబంధించిన వీడియోలన్నీ తక్కువ నాణ్యతలో, చిన్న ఫైళ్లుగా, వరుస నంబర్లతో రాత్రంతా దిగుతాయి. పొద్దున్నే పిల్లలు పెన్ డ్రైవ్‌లు పట్టుకొని వస్తారు. చెవులు సరిగా వినపడని ఒక అబ్బాయి కోసం వీడియోతోపాటు కింద వచ్చే అక్షరాల ఫైలును కూడా విడిగా దింపుతాం. అతను ముందు దాన్ని చదువుకుని, తర్వాత వీడియో చూస్తాడు. బస్సులో వచ్చిపోయేవాళ్లకు వినడానికి ఆడియో మాత్రమే తీసి ఇస్తాం. ఇవన్నీ అదే ప్రోగ్రామ్‌లో ఉన్న సదుపాయాలు.

నారపల్లి బయట కూడా దీని అవసరం తక్కువేమీ కాదు. వికీపీడియాకు వీడియోలు చేర్చేవాళ్లు, ఉచిత లైసెన్సు ఉన్నవాటిని వికీమీడియా కామన్స్‌లోకి తరలించడానికి వాడే వీడియో2కామన్స్ లోపల పనిచేసేది ఇదే. యుద్ధాల్లో జరిగిన దారుణాలకు సాక్ష్యంగా ఉన్న వీడియోలు తొలగిపోకముందే భద్రపరిచేవాళ్లు, ఒక నాయకుడు ఏం మాట్లాడాడో తర్వాత సరిచూసుకునే విలేకరులు దీన్నే వాడతారు. మన సినిమా సంగతే తీసుకోండి. మన తొలినాటి టాకీల్లో చాలావాటి ప్రతులు ఈరోజు లేవు. దాచుకోవాలన్న ఆలోచన, దాచుకునే వసతి లేక పోగొట్టుకున్నాం. ఇవాళ పాత నటులతో చేసిన ఇంటర్వ్యూలు, సాంకేతిక నిపుణుల జ్ఞాపకాలు ఎన్నో చిన్న చిన్న యూట్యూబ్ చానళ్లలో ఉన్నాయి. చానల్ మూతపడితే అవీ పోతాయి. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో రోజులను కళ్లారా చూసినవాళ్లు తగ్గిపోతున్నారు. వాళ్ల మాటలను రేపటి పరిశోధకుడు వినాలంటే ఈరోజు ఎవరో ఒకరు దాచి ఉంచాలి.

ఇక ఈ పనిముట్టును తీసేయిస్తే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. యూట్యూబ్-డీఎల్ 2006లో పుట్టింది. 2020 అక్టోబరు 23న అమెరికా సంగీత కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పంపిన నోటీసుతో, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో ఆ ప్రోగ్రామ్ పేజీ మూతపడింది. దాని నకళ్లు కూడా పోయాయి. ఆ సంఘం ప్రధానంగా రెండు ఆరోపణలు చేసింది. యూట్యూబ్ పెట్టిన రక్షణను ఈ ప్రోగ్రామ్ ఛేదిస్తోందన్నది మొదటిది. ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షల్లో టేలర్ స్విఫ్ట్, జస్టిన్ టింబర్‌లేక్ లాంటివారి పాటల లింకులు ఉన్నాయి కాబట్టి దీని ఉద్దేశమే దొంగతనం అన్నది రెండోది.

కోడ్ చదవగలిగినవాళ్లు చదివి చూశారు. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ న్యాయవాదులు గిట్‌హబ్‌కు జవాబు రాశారు. యూట్యూబ్ తన పేజీతోపాటే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను ప్రతి బ్రౌజర్‌కూ పంపుతుంది. వీడియో ఎక్కడుందో దాని సాయంతో బ్రౌజర్ లెక్కగట్టుకుంటుంది. యూట్యూబ్-డీఎల్ చేసేదీ ఆ లెక్కే. దొంగిలించిన పాస్‌వర్డ్ లేదు, పగలగొట్టిన తాళం లేదు. పరీక్షల్లో ఉన్న పాటలు పూర్తిగా దిగేవి కావు, కొద్ది సెకన్ల ముక్క మాత్రమే. ఆ లింకులను కూడా తర్వాత కోడ్ నుంచి తీసేశారు. నవంబరు 16న గిట్‌హబ్ ఆ పేజీని మళ్లీ తెరిచింది. అంతటితో ఆగలేదు. ఇకమీదట ఇలాంటి ఆరోపణ వస్తే సాంకేతిక నిపుణులు, న్యాయవాదులు కలిసి పరిశీలిస్తారని, సందేహం ఉంటే కోడ్ రాసినవారి పక్షానే ఉంటామని ప్రకటించింది. కోడ్ రాసేవాళ్ల న్యాయ రక్షణ కోసం 10 లక్షల డాలర్ల నిధి కూడా పెట్టింది.

ఆ మూడు వారాల్లో కోడ్ లోకం నుంచి మాయమైపోయిందా అంటే, లేదు. నోటీసు రాకముందు ఆ పేరు వినని వేలమంది దాన్ని దాచుకున్నారు. గిట్‌హబ్ తనకు వచ్చిన నోటీసులను బహిరంగంగా ఉంచే పేజీలోకే ఒకరు ఆ కోడ్‌ను తెచ్చి పెట్టారు. 2021లో అదే కోడ్ నుంచి వైటీ-డీఎల్‌పీ పుట్టి అసలుదాన్ని మించిపోయింది. అయినా కేసులు ఆగలేదు. సోనీ, యూనివర్సల్, వార్నర్ సంగీత కంపెనీలు జర్మనీలో యూట్యూబ్-డీఎల్ వెబ్‌సైటుకు చోటిచ్చిన ఊబర్‌స్పేస్ అనే చిన్న హోస్టింగ్ సంస్థ మీదికి వెళ్లాయి. 2023 మార్చిలో హాంబర్గ్ కోర్టు కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. ఆ వెబ్‌సైటులో కోడ్ కూడా లేదు, గిట్‌హబ్‌కు తీసుకెళ్లే లింకులు ఉన్నాయంతే. ఇన్ని కేసులు, ఇంత ఖర్చు అయ్యాక ఏ పాట దొంగతనం ఆగింది?

నోటీసు ఒక మామూలు మనిషికి వస్తే ఎలా ఉంటుందో కూడా మీకు తెలియాలి. మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి వైటీ-డీఎల్‌పీ మీద చిన్న తెలుగు ముఖం తయారుచేసింది. కమాండ్లు రానివాళ్ల కోసం రెండు మూడు బటన్లు: ‘పాఠం దింపు’, ‘ఆడియో చాలు’, ‘అక్షరాలు కూడా’. కోడ్‌ను అందరికీ పనికొస్తుందని ఒక సైటులో పెట్టింది. కొన్నాళ్లకు పేజీ తెరిస్తే తొలగించామన్న మాట కనిపించింది. ఒక ఏజెన్సీ పొడవాటి లింకుల జాబితాతో నోటీసు పంపింది. ఆ జాబితాలో నిజంగా సినిమాలు దాచిన సైట్లు ఉన్నాయి, వాటి మధ్యలో ఈమె పేజీ ఉంది. ఆ పేజీలో ఒక్క సినిమా లేదు, సినిమా లింకు లేదు. పేజీ పేరులో తెలుగు, వీడియో, డౌన్‌లోడ్ అన్న మూడు మాటలు ఒకచోట ఉండడమే నేరమైనట్టుంది.

జవాబిచ్చే దారి ఉందా అని చూశాం. అమెరికా చట్టం డీఎంసీఏ ప్రకారం ప్రతివాద నోటీసు పంపవచ్చు. అందులో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయాలి. విదేశంలో ఉన్నవాళ్లైతే అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. రక్షణను ఛేదించే పనిముట్టు అన్న ఆరోపణ వస్తేనైతే, ఆ చట్టంలో ప్రతివాద నోటీసుకు దారే లేదు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఆ కాగితం చూసి, మనకు అమెరికా కోర్టులు ఎందుకమ్మా అన్నారు. ఆయన భయం సహజం. ఆ అమ్మాయి కోడ్ మొత్తం తనే తీసేసింది. మళ్లీ దేన్నీ బయట పెట్టలేదు. నోటీసు పంపినవాళ్లకు ఇది తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ వాళ్లకు రాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

మన దేశపు చట్టం ఇంత కఠినంగా లేదు. అమెరికా చట్టంలో రక్షణను ఛేదించే పనిముట్టును తయారుచేయడం, పంచడం కూడా తప్పే. మన పార్లమెంటు 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చినప్పుడు ఆలోచించి రాసింది. హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదించినవారికే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పని కోసం చేస్తే నేరం కాదు. పనిముట్టును కాక మనిషి ఉద్దేశాన్ని చూడమంది మన చట్టం. 52వ సెక్షన్ సొంత ఉపయోగానికి, పరిశోధనకు, విమర్శకు, వార్తలకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చంటుంది. బోధనలో భాగంగా గురువు గానీ విద్యార్థి గానీ నకలు తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. వికలాంగులకు అందుబాటు రూపాల్లోకి మార్చడాన్నీ అనుమతిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు బోధన కోసం తీసిన నకళ్లను సమర్థించింది.

నోటీసుల విషయంలో కూడా మన చట్టం ఇద్దరి గోడూ వింది. 2013 నాటి కాపీరైట్ నియమాల ప్రకారం సరైన ఫిర్యాదు వస్తే సైటువాళ్లు 36 గంటల్లో ఆ వీడియో అందకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్లీ అందుబాటులో పెట్టవచ్చు. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరించినవారి మీద కోర్టుకు వెళ్లే హక్కును 60వ సెక్షన్ బాధితులకు ఇచ్చింది. అయినా మన హైదరాబాద్ పిల్లల కోడ్ ఉండేది అమెరికా కంపెనీల సర్వర్లలో కాబట్టి, నోటీసులు వెళ్లేది అమెరికా చట్టం కింద. మన చట్టం ఇచ్చిన రక్షణ మన పిల్లలకు అందడం లేదు. ఆ లోటును పూడ్చగలిగేది నోటీసు పంపే మీ చేతుల్లోని నిగ్రహమే.

వల పెద్దదిగా వేస్తే ఏమవుతుందో తెలుగు సినిమాకు అనుభవం ఉంది. 2012 ఏప్రిల్ 27న ‘దమ్ము’ విడుదలైంది. ఆ సినిమాకు, తమిళ చిత్రం ‘3’కు రక్షణగా మద్రాసు హైకోర్టు నుంచి పేరు తెలియని ప్రతివాదుల మీద ఉత్తర్వులు వచ్చాయి. వాటిని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు మే నెలలో వీమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్ లాంటి సైట్లను దేశంలో మొత్తానికి మొత్తం ఆపేశాయి. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు తమ సినిమాలు పెట్టుకునే చోటు వీమియో. రేపటి దర్శకుల తలుపు మూసి ఇవాళ్టి సినిమాను కాపాడినట్టయింది. జూన్‌లో ఆ హైకోర్టే స్పష్టం చేసింది: దొంగ కాపీ ఉన్న ఫలానా లింకును ఆపండి, సైటు మొత్తాన్ని కాదు.

2017 ఆగస్టులో మళ్లీ అదే జరిగింది. రెండు హిందీ సినిమాల కోసం మద్రాసు హైకోర్టులో తెచ్చుకున్న ఉత్తర్వుల జాబితాలో 2,650 సైట్లున్నాయి. అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన పుస్తకాలు లక్షల్లో అక్కడున్నాయి. అచ్చులో దొరకని తెలుగు పుస్తకం కోసం పరిశోధకులు, రచయితలు, మామూలు పాఠకులు వెళ్లే చోటు అది. ముంబయి సినిమాల కోసం మన పాత పుస్తకాల బీరువాకు తాళం పడింది. జాబితా తయారుచేసినవాళ్లకు ఆ సైటులో ఏముందో చూసే తీరిక లేదు. నేను అడుగుతున్నది ఆ కాస్త తీరికే.

సినీ పరిశ్రమ కొత్త పనిముట్టును చూసి భయపడడం ఇదే మొదటిసారి కాదు. వీసీఆర్ వచ్చినప్పుడు హాలీవుడ్ కంపెనీలు దాన్ని ఆపాలని సోనీ మీద కేసు వేశాయి. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం న్యాయమైన వాడకమేనని, అలాంటి వాడకం గణనీయంగా ఉన్న యంత్రాన్ని అమ్మినంత మాత్రాన సోనీ దోషి కాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో తీర్పిచ్చింది. తర్వాత అదే హాలీవుడ్ వీడియో క్యాసెట్ల మీద కోట్లు సంపాదించింది. మన దగ్గర కూడా పల్లెల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేసిన రోజుల్లో థియేటర్ పని అయిపోయిందన్నారు. థియేటర్ నిలిచింది, వీడియో హక్కులు కొత్త ఆదాయమయ్యాయి.

మీ పక్షాన ఉన్న ఒక బలమైన వాదనను నేను దాటేయను. ఈ రోజుల్లో చాలామంది నిర్మాతలు పాత సినిమాలను, పాటలను తామే యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల ద్వారా డబ్బు సంపాదిస్తున్నారు. ఎవరైనా పాటను దింపుకుని విన్న ప్రతిసారీ ఆ ఆదాయం కొంత తగ్గుతుంది. అది నిజం. అలా చేసేవాళ్లున్నారు. యూట్యూబ్ షరతులు కూడా అనుమతి లేకుండా దింపుకోవడాన్ని ఒప్పుకోవు. దింపిన పాటను మళ్లీ అప్‌లోడ్ చేసి తన సొమ్మన్నట్టు డబ్బు చేసుకునేవాణ్ని వదలమని నేను అనడం లేదు. వాడి అప్‌లోడ్ మీద నోటీసు పంపండి, కేసు పెట్టండి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమాను అక్రమంగా రికార్డు చేసినా, ప్రదర్శించినా మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు అంటోంది, జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. దొంగ కాపీల ఫిర్యాదులు తీసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం నోడల్ అధికారులను కూడా నియమించింది. ఇవి పదునైన ఆయుధాలు. దొంగ కాపీ మీద, దొంగ మీద పనిచేసే ఆయుధాలు చేతిలో ఉండగా, చదువుకునే పిల్లల పనిముట్టు మీదికి పోవాల్సిన అవసరం లేదు.

ఇంకొక సంగతి మీ ఆలోచనలో ఉండాలి. తెరిచిన కోడ్‌ను మూసేస్తే దింపుకోవాలనుకునే కుర్రాడు మానేయడు. వెతికితే మొదట దొరికే ప్రకటనల సైటులోకి వెళ్తాడు. పేరు తెలియని యాప్ ఫోన్లో వేసుకుని దానికి కాంటాక్టులు, ఫొటోలు అన్నీ అప్పగిస్తాడు. ఐబొమ్మ లాంటి సైట్లు బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో డబ్బు చేసుకున్నాయని, వాడినవాళ్ల వివరాలు పోగేశాయని పోలీసులే చెప్పారు. వైటీ-డీఎల్‌పీలో ప్రకటన లేదు, బెట్టింగ్ లేదు. ప్రతి వరుసా ఎవరైనా చదివి ప్రశ్నించవచ్చు. మా పిల్లలను ఆ చీకటి సైట్ల నుంచి దూరంగా ఉంచే మార్గాల్లో ఇది ఒకటి. మీరు, మేము కలిసి పోరాడాల్సింది ఆ చీకటితోనే.

కాబట్టి మీ ముందు నాలుగు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది. చాంబర్ గానీ, మీ తరఫున పనిచేసే ఏజెన్సీలు గానీ పంపే ప్రతి నోటీసూ ఒక ఫలానా దొంగ కాపీ మీద ఉండాలి. సినిమా పేరు, హక్కుదారు, కాపీ ఉన్న కచ్చితమైన లింకు అందులో ఉండాలి. సినిమా లేని కోడ్ పేజీ మీద నోటీసు పంపకూడదు. 2012లో మద్రాసు హైకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే.

రెండోది. మాటలను బట్టి లింకులు ఏరే యంత్రం ఇచ్చిన జాబితాను యథాతథంగా పంపవద్దు. కోడ్ చదవగలిగిన మనిషి ఒకరు ప్రతి లింకూ తెరిచి చూడాలి, తన పేరుతో సంతకం పెట్టాలి. హైదరాబాద్‌లో అలాంటి మనుషులకు కొదవలేదు. పక్కనే పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది, గచ్చిబౌలిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ ఉంది, ఊరంతా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. అడిగితే సాయం చేసేవాళ్లు దొరుకుతారు.

మూడోది. పంపిన నోటీసులను బహిరంగంగా ఉంచండి. గిట్‌హబ్ తనకు వచ్చినవాటిని అందరూ చూసేలా పెడుతోంది, మీరూ పెట్టవచ్చు. తప్పుగా దెబ్బతిన్నవాళ్లు తెలుగులో రాయడానికి ఒక ఈ-మెయిల్ చిరునామా ఇవ్వండి. గడువు పెట్టుకుని జవాబివ్వండి, తప్పైతే నోటీసు వెనక్కి తీసుకోండి. మన చట్టంలోని 21 రోజుల గడువు మీకు కొలమానంగా ఉండవచ్చు. ఆ అమ్మాయికి అమెరికా కోర్టు బదులు మీ ఫిలింనగర్ చిరునామా ఉండి ఉంటే, తన కోడ్ ఇవాళ బతికి ఉండేది.

నాలుగోది. ఏది స్వేచ్ఛగా దింపుకోవచ్చో మీరే చెప్పండి. మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైట్ అది విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఆ లెక్కన 1950ల నాటి సినిమాల మీద నిర్మాత హక్కు ముగిసింది. పాట రాసినవారి హక్కు మాత్రం వారి మరణం తర్వాత 60 ఏళ్ల దాకా వేరుగా నడుస్తుంది. ఈ చిక్కుముడి విద్యార్థికి తెలియదు, సాఫ్ట్‌వేర్‌కు అసలే తెలియదు. ఏ సినిమా హక్కులు ఎవరి దగ్గరున్నాయి, ఏవి ముగిశాయి అన్న జాబితా చాంబర్ బయటపెడితే చాలామంది తెలియక చేసే తప్పులు తగ్గుతాయి. చిత్రీకరణ విశేషాలు, నిపుణుల పాఠాలు లాంటి కొన్ని వీడియోలను నిర్మాతలు క్రియేటివ్ కామన్స్ కింద ఇస్తే సినిమా నేర్చుకోవాలనుకునే పల్లెటూరి కుర్రాడికి అదే బడి అవుతుంది.

మా వంతు మేము చేస్తాం. కొత్తగా చేరే ప్రతి బ్యాచ్‌కూ డౌన్‌లోడ్ కమాండ్ నేర్పే రోజునే కాపీరైట్ గురించి కూడా చెబుతాను: ఏది మనది, ఏది పరాయిది, లైసెన్సు ఎక్కడ చూడాలి, థియేటర్ కాపీని ముట్టుకుంటే ఎవరి కూలి పోతుంది అన్నది. దొంగ కాపీల లింకులు మా కంట పడితే మీకు పంపుతాం. మీ సెల్ నుంచి ఎవరైనా వచ్చి పిల్లలతో మాట్లాడతామంటే ల్యాబ్ తలుపులు తెరిచే ఉంటాయి. వాళ్ల ముందే వైటీ-డీఎల్‌పీ నడిపి, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో కోడ్‌తో సహా చూపిస్తాను.

పైరసీని ఓడించాలంటే మీకు పోలీసులు, చట్టం ఎంత అవసరమో, కోడ్ రాయగలిగిన, సినిమాను ప్రేమించే ఈ తరం సాయం కూడా అంతే అవసరం. సర్వర్లకు రక్షణ గోడలు కట్టేదీ వీళ్లే, దొంగ కాపీ ఏ థియేటర్ నుంచి వచ్చిందో పట్టుకునే సాఫ్ట్‌వేర్ రాసేదీ వీళ్లే. వీళ్లకు మీ పేరు మొదటిసారి ఒక అన్యాయపు నోటీసు మీద కనిపించకూడదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ నాలుగు విన్నపాలను చర్చకు పెట్టి, తీసుకున్న నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
టికెట్ కొని తెలుగు సినిమా చూసే
ఒక కంప్యూటర్ మాస్టారు,
నారపల్లి.